దండం ఎవరికి?
(కృతజ్ఞత గురించి ధమ్మ బంధువులతో కొన్ని మాటలు)



ఒక సంగతి ఊహించుకోండి. మీ ఇంట్లో అమ్మాయికి పురుటి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో రాత్రంతా గడిచింది. తెల్లవారుజామున ఆపరేషన్ చేయాలన్నారు, రక్తం కావాలన్నారు. మీ వీధి కుర్రాళ్ళిద్దరు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. పొద్దెక్కాక నర్సు తలుపు తీసి, "తల్లీ బిడ్డా క్షేమం" అంది.

వరండాలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. చర్చికి వెళ్ళే మీ పిన్ని "ప్రభువుకు స్తోత్రం" అంటూ కళ్ళు మూసుకుంది. పక్కనున్న పెద్దావిడ "ఆ ఏడుకొండలవాడే కాపాడాడమ్మా" అని చెంపలేసుకుంది. మరి మీరు? మీరు ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నవారు. గుండె నిండిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చేతులు వాటంతటవే లేచాయి. కానీ ఎటు తిరిగి జోడించాలి?

ఈ ప్రశ్న మనలో చాలామందికి వస్తుంది. బయటికి మాత్రం అడగం. అడిగితే "ఇంకా పాత నమ్మకాలు పోలేదా?" అంటారని బెరుకు. అందుకే ఇక్కడ మనమే అడుగుదాం. దేవుణ్ణి వదిలేసినవాడు బతికున్నందుకు, బతికినందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలి? అసలు చెప్పాలా?

మన మెడకి కట్టిన మాట

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. "కృతజ్ఞత" అన్న మాట వినగానే మనలో ఏదో బిగుసుకుంటుంది. దానికి కారణం ఉంది. తరతరాలుగా ఆ మాటని మన మెడకి పలుపుతాడులా కట్టారు. పాలేరు పొద్దున్నించి రాత్రి దాకా చాకిరీ చేస్తే, చివరికి కల్లంలో కొలిచిన గింజలు అతని కూలి కాదట, ఆసామి దయట. వెట్టి చేసినవాడు గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడి "బాంచెన్ దొరా" అనాలట. నువ్వు ఈ కులంలో పుట్టడం పూర్వజన్మ పాపం, ఈ మాత్రం దొరికినందుకు దండం పెట్టుకో అన్నారు. ఎదురు మాట్లాడితే సామెత సిద్ధంగా ఉంది: "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

ఆ ఇంటి వాసాలు మోసుకొచ్చింది ఎవరు? గోడలకి మట్టి తొక్కింది ఎవరు? ఆ ఇంట్లో ఉడికిన అన్నం ఎవరి చేతులు నాటిన వరి? లెక్క సరిగ్గా వేస్తే ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేలిపోతుంది. ఆ లెక్క తేలకూడదనే, లెక్కపెట్టడమే తప్పన్నారు.

అందుకే మనలో కొందరు ఆ మాటనే విసిరికొట్టారు. "మాకెవరూ ఏమీ పెట్టలేదు, మేమెవరికీ రుణపడిలేం" అంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ మాట ఆసామికి చెప్పినప్పుడు నిజం. కూలికి పోయి మిమ్మల్ని చదివించిన అమ్మకి చెప్పినప్పుడు? పలుపుతాడు తెంపడం అవసరం. తెంపే తొందరలో, మనల్ని పట్టుకుని నడిపించిన చేతిని కూడా విదిలించుకోకూడదు కదా. ఈ రెండిటినీ వేరు చేసి చూడటమే అసలు పని.

బాబాసాహెబ్ గీసిన గీత

ఆ తేడాని బాబాసాహెబ్ చాలా స్పష్టంగా చెప్పారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగం చేస్తూ, దేశానికి జీవితాంతం సేవ చేసిన గొప్పవారి పట్ల కృతజ్ఞత చూపడంలో తప్పేమీ లేదన్నారు. కానీ దానికి హద్దుందని కూడా అన్నారు. ఐర్లండ్ నాయకుడు డేనియల్ ఓకానెల్ మాటని గుర్తుచేశారు. గౌరవాన్ని పణంగా పెట్టి మనిషీ, శీలాన్ని పణంగా పెట్టి స్త్రీ, స్వేచ్ఛని పణంగా పెట్టి దేశమూ కృతజ్ఞత చూపలేరన్నది దాని సారాంశం.

ఈ మాట వెనక ఆయన సొంత అనుభవం కూడా ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. తిరిగొచ్చాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది ఒప్పందం. ఆ మాట ప్రకారమే ఆయన బరోడా వెళ్ళారు. అక్కడ తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో కులం దాచుకుని ఉండాల్సి వచ్చింది. సంగతి తెలిసిపోగానే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆఫీసులో కాగితాలు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరేవారు. ఆయన బరోడా వదిలి బొంబాయి రైలెక్కారు.

దీన్ని "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం" అనేవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. జరిగింది జాగ్రత్తగా చూడండి. అందిన సాయం నిజం. ఆయన దాన్ని మరిచిపోలేదు, కాదనలేదు, తీర్చడానికే వెళ్ళారు. ఆ రుణానికి వడ్డీగా ఆత్మగౌరవాన్ని అడిగారు. అది మాత్రం ఆయన ఇవ్వలేదు.

మనకిదే కొలత. ఏ కృతజ్ఞతైనా మీ ముందుకొస్తే ఒక్క ప్రశ్న వేయండి: ఇది నన్ను నిటారుగా నిలబెడుతోందా, వంగమంటోందా? వంగమంటే అది కృతజ్ఞత కాదు, వెట్టి. పేరు మార్చుకుని వచ్చింది, అంతే.

బుద్ధుడు వాడిన మాట

ఇప్పుడు బుద్ధ భగవానుడి మాటకి వద్దాం. పాళీలో కృతజ్ఞుణ్ణి "కతఞ్ఞు" అంటారు. "కత" అంటే చేసినది. "ఞ్ఞు" అంటే ఎరిగినవాడు. తనకి చేసిన మేలుని ఎరిగినవాడు అని అర్థం. ఇందులో వంగడం లేదు, కాళ్ళు పట్టుకోవడం లేదు. జరిగినదాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకోవడం ఉంది. దీనికి జంటగా ఇంకో మాట ఉంది, "కతవేది". తాను ఎరిగినదాన్ని చేతల్లో తెలియజేసేవాడు.

అంగుత్తర నికాయంలో బుద్ధుడు లోకంలో అరుదైన మనుషులు ఇద్దరని చెబుతాడు. ఒకరు ఎవరూ అడక్కముందే మేలు చేసేవారు. రెండోవారు ఆ మేలు ఎరిగి, దాన్ని చేతల్లో చూపేవారు. గమనించారా? చేసినవాణ్ణి గద్దె మీద, పొందినవాణ్ణి కింద కూర్చోబెట్టలేదు. ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టాడు.

సిగాలుడి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాజగృహంలో ఒక యువకుడు తెల్లవారుజామునే స్నానం చేసి, తడి బట్టలతో, తడి జుట్టుతో ఆరు దిక్కులకీ మొక్కుతున్నాడు. ఎందుకయ్యా అంటే, చనిపోతూ నాన్న చెప్పాడన్నాడు. బుద్ధుడు అతణ్ణి ఎగతాళి చేయలేదు, జోడించిన చేతుల్ని విడదీయనూ లేదు. దిక్కుల అర్థం మార్చాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు. దక్షిణం గురువులు. పడమర భార్యాబిడ్డలు. ఉత్తరం స్నేహితులు. కింది దిక్కు మన కింద పనిచేసేవారు. పై దిక్కు దారి చూపే శ్రమణులు.

అంతటితో ఆగలేదు. ప్రతి దిక్కుకీ రెండు వైపులా బాధ్యత పెట్టాడు. పిల్లలు తల్లిదండ్రులకి చేయవలసింది చెప్పాడు, తల్లిదండ్రులు పిల్లలకి చేయవలసిందీ చెప్పాడు. పని చేయించుకునే యజమాని తన మనుషులకి ఏం చేయాలి? శక్తికి తగ్గ పని ఇవ్వాలి. తిండీ జీతమూ ఇవ్వాలి. జబ్బుచేస్తే చూసుకోవాలి. రుచైనది దొరికితే పంచుకోవాలి. వేళకి సెలవివ్వాలి. మన తాతలు ఏ ఆసామి దగ్గర ఈ ఐదూ చూశారు? కింద ఉన్నవాడు మాత్రమే పైవాడికి కృతజ్ఞుడిగా ఉండాలనేది కులం నేర్పిన పాఠం. ధమ్మంలో అది రెండు వైపులా నడిచే దారి.

ఒక్కడు కాదు, వెయ్యిమంది

ఇప్పుడు ఆసుపత్రి వరండాలోకి తిరిగి వెళ్దాం. ఏదీ ఒక్క కారణంతో పుట్టదు, ఎన్నో కారణాలు కలిస్తేనే పుడుతుంది. పటిచ్చ సముప్పాదం చెప్పేది ఇదే. మరి ఆ తల్లీబిడ్డా బతకడానికి కారణాలు ఏవి?

రక్తమిచ్చిన కుర్రాళ్ళిద్దరు కనిపిస్తూనే ఉన్నారు. రాత్రంతా నిలబడ్డ డాక్టరమ్మ, నర్సు ఉన్నారు. ఆపరేషన్ గదిలో నెత్తురు తుడిచి, గుడ్డలు మార్చిన ఆయా ఉంది. ఆమె పేరు ఎవరూ అడగలేదు. ఇంకాస్త వెనక్కి వెళ్ళండి. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త వియన్నాలో రక్తపు గ్రూపులు కనిపెట్టాడు. అంతకుముందు ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే బతుకుతారో చస్తారో చెప్పలేని పరిస్థితి. ఆయనకి మన ఊరి పేరు కూడా తెలియదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1848లో పూనాలో జోతీరావు ఫూలే, సావిత్రీబాయి ఆడపిల్లలకి బడి తెరిచారు. బడికి నడుస్తుంటే సావిత్రీబాయి మీద పేడ, బురద వేశారు. ఆమె ఆగలేదు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకి సేవ చేస్తూ, అదే జబ్బు తగిలి చనిపోయింది. ఈ రోజు మన వాడలో పుట్టిన పిల్ల నర్సు చదువు చదివి మన ముందు నిలబడిందంటే, ఆ వెనక సావిత్రీబాయి అడుగులున్నాయి.

దేవుణ్ణి నమ్మినవారికి ఒక్క దండంతో సరిపోవచ్చు. మనకి సరిపోదు. మన దండం అందుకోవలసినవాళ్ళు చాలామంది, చాలావరకు పేరు తెలియనివాళ్ళు. దేవుణ్ణి వదిలేశాక కృతజ్ఞత తగ్గలేదు, దాని చిరునామాలు పెరిగాయి.

"ఇలాంటి బతుక్కా?"

ఒక కష్టమైన ప్రశ్న ఉంది. దాన్ని దాటేసి వెళ్తే ఈ మాటలన్నీ ఉత్తవే. "అవమానాల మధ్య పుట్టాను, అవమానాల మధ్య పెరిగాను. ఇలాంటి బతుక్కి కృతజ్ఞతా?" అని ఒక తమ్ముడు అడిగితే ఏం చెప్తాం? హాస్టలు గదిలో ఒంటరిగా కూర్చుని, అసలు పుట్టడమే పొరపాటేమో అనుకునే పిల్లలు మన ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళే.

ఆ తమ్ముడికి "ఉన్నదానితో సంతోషపడు" అని మాత్రం చెప్పకండి. అది ఆసామి మాట. బుద్ధుడు మొదలుపెట్టిందే దుఃఖం ఉందని ఒప్పుకోవడంతో. లోకంలో దుఃఖముంది, దాన్ని పోగొట్టడమే ధమ్మం పని అని బాబాసాహెబ్ కూడా నొక్కి చెప్పారు. మేలుని ఎరగడం అంటే కీడుని మరవడం కాదు. ఉన్నది ఉన్నట్టు చూసే కన్ను రెండింటినీ చూస్తుంది. కులం చేసిన గాయాన్నీ చూస్తుంది, ఆ గాయానికి కట్టుకట్టిన చేతినీ చూస్తుంది. గాయం ఒక్కటే చూస్తే మనసు విరిగిపోతుంది. కట్టు ఒక్కటే చూస్తే అన్యాయం కప్పుబడిపోతుంది.

కాబట్టి మొత్తం జీవితానికి కృతజ్ఞత చెప్పమని ఎవర్నీ ఒత్తిడి చేయక్కర్లేదు. అది ఆజ్ఞ వేస్తే వచ్చేది కాదు. ఆ తమ్ముడికి ఇప్పుడు కావలసింది ఉపదేశం కాదు, పక్కన కూర్చునే మనిషి. ముందు వెళ్ళి కూర్చోండి. అన్నం తిన్నాడో లేదో అడగండి. చెప్పింది వినండి. ఒంటరిగా వదిలి రాకండి. ఎవరూ అడక్కముందే మేలు చేసేవారు అరుదని బుద్ధుడన్నాడు కదా, ఆ అరుదైన మనిషి మీరు కండి. బతుకు మీద నమ్మకం చాలామందికి అలాగే, ఒక మనిషి రూపంలో తిరిగి వస్తుంది.

పిన్నితో ఎలా మాట్లాడాలి?

ఇక "ప్రభువుకు స్తోత్రం" అన్న పిన్ని సంగతి. మన ఇళ్ళల్లో ఒకే కప్పు కింద బుద్ధుడి బొమ్మా, బైబిలూ ఉండటం కొత్తేమీ కాదు. ఆమెతో వరండాలో వాదన పెట్టుకోవద్దు. ఆమె కన్నీళ్ళూ మీ కన్నీళ్ళూ ఒకటే. "దేవుడు లేడు" అని నిరూపించడానికి బిడ్డ పుట్టిన పూట సమయం కాదు.

అయితే ఆమెకి కూడా ఒక మాట మెల్లగా చెప్పొచ్చు: "పిన్నీ, నువ్వు ప్రార్థన చేసుకో. అయ్యాక ఒకసారి రా, ఆ ఆయమ్మకి కలిసి చెబుదాం." నమ్మకం ఉన్నా లేకపోయినా, పక్కనున్న మనిషిని దాటి ఆకాశానికి వెళ్ళే కృతజ్ఞత సగమే. నమ్మకం ఉండి ఆయాని చూసినవారు మనకి దగ్గరివాళ్ళే. నమ్మకం లేదని గొప్పలు చెప్పుకుంటూ ఆయాని చూడనివారు ధమ్మానికి దూరంగా ఉన్నట్టే.

మరి బిడ్డ దక్కకపోతే? అప్పుడు కూడా ఆ చేతులు చేసింది మేలే. బుద్ధుడు చివరి భోజనం కమ్మరి చుందుడి ఇంట్లో చేశాడు. ఆ తర్వాత జబ్బు ముదిరింది. తన వల్లే ఇలా అయిందని చుందుడు కుమిలిపోతాడేమోనని, ఆ బాధలో కూడా ఆనందుణ్ణి పిలిచి, అతనికి ధైర్యం చెప్పమన్నాడు. జ్ఞానోదయానికి ముందు తిన్న భోజనం ఎంత గొప్పదో చుందుడి భోజనమూ అంత గొప్పదని చెప్పమన్నాడు. ఫలితం చూసి కాదు, పెట్టిన మనసు చూసి ఎరిగాడు.

ఎరిగితే సరిపోదు

కతఞ్ఞు అయ్యాక కతవేది కావాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కరోనా రోజుల్లో పారిశుద్ధ్య కార్మికుల మెడలో దండలు వేశారు, పూలు చల్లారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మనుషుల్ని మ్యాన్‌హోళ్ళలోకి దించుతూనే ఉన్నారు, వాళ్ళు చనిపోతూనే ఉన్నారు. కాళ్ళు కడిగితే తీరే బాకీ కాదిది. వేళకి జీతం, యంత్రం, పిల్లలకి చదువు, ఇవి ఇస్తేనే తీరుతుంది. న్యాయం లేని కృతజ్ఞత తమాషాగా మిగిలిపోతుంది.

మన బాకీ కూడా చూసుకుందాం. తల్లిని ఒక భుజం మీద, తండ్రిని ఒక భుజం మీద నూరేళ్ళు మోసినా వాళ్ళ రుణం తీరదని బుద్ధుడన్నాడు. కానీ వాళ్ళని శ్రద్ధలో, శీలంలో, దానంలో, ప్రజ్ఞలో నిలబెడితే తీరుతుందనీ అన్నాడు. బాబాసాహెబ్ 'ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' పుస్తకాన్ని తల్లిదండ్రులకి అంకితమిచ్చారు. 'శూద్రులెవరు?' పుస్తకాన్ని జోతీరావు ఫూలేకి అంకితమిచ్చారు. ఆయన తాను పొందిన చదువుని జాతి మొత్తానికి తిరిగిచ్చారు. అందుకే 1956 మార్చిలో ఆగ్రాలో మాట్లాడుతూ, చదువుకున్నవాళ్ళు తమ పొట్ట చూసుకుని సమాజాన్ని మరిచారని అంతగా బాధపడ్డారు. రిజర్వేషన్ వల్ల ఉద్యోగం వచ్చి, ఊరికి దూరంగా ఫ్లాటు కొనుక్కుని, వాడ పేరు చెప్పడానికి సిగ్గుపడితే, ఆ బాధ మన గురించే.

మన నేల మీదే ఒక పాత సాక్ష్యం ఉంది. అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు అతను. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకని స్తూపానికి దానం చేశానని చెక్కించుకున్నాడు. తోలు పని చేసిన చేతులు! పేరు దాచుకోలేదు, పని దాచుకోలేదు, ఇంటివాళ్ళనీ మరవలేదు. అమరావతి పూర్ణఘటమే ఈనాడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. కృతజ్ఞత తల వంచకుండా కూడా చెప్పొచ్చని ఆ రాయి చెబుతోంది.

మన ఇళ్ళల్లో ఏం చేయొచ్చు? పెద్ద పెద్దవి అక్కర్లేదు.

ఆదివారం విహారంలో వందన అయ్యాక, ఆ వారం మీకు మేలు చేసిన ఒక మనిషి పేరు పైకి చెప్పండి. పిల్లల చేత కూడా చెప్పించండి.

పోయినవాళ్ళకి మనం శ్రాద్ధం పెట్టం, పిండం పెట్టం. ప్రతిజ్ఞ తీసుకున్నాం. దానికి బదులు వాళ్ళ పేరున ఒక పిల్లకి పుస్తకాలో, పరీక్ష ఫీజో ఇవ్వండి. వాళ్ళు ఎలా బతికారో మనవలకి చెప్పండి.

మీ ఇంట్లో, ఆఫీసులో ఊడ్చే మనిషిని పేరుతో, మర్యాదగా పిలవండి. జీతం వేళకివ్వండి. మీకు చేసినవారికే తిరిగి చేయలేకపోతే, మీ తర్వాత వచ్చేవారికి చేయండి.

ఇప్పుడు మళ్ళీ ఆ వరండా. బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. మీ చేతులు లేచాయి కదా, దించకండి. రక్తమిచ్చి, టీ కూడా తాగకుండా గోడకానుకున్న కుర్రాళ్ళ వైపు తిరగండి. బక్కెట్టు పట్టుకుని బయటికొస్తున్న ఆయా వైపు తిరగండి. "నీ పేరేంటమ్మా?" అని అడగండి. ఆ పేరు గుర్తుంచుకోండి. బిడ్డ పెద్దయ్యాక చెప్పండి.

జై భీమ్! నమో బుద్ధాయ!